తాగరాదన్నారు... మరి వండొచ్చా?

బోరింగు మీద ఎర్ర రంగుతో 'ఈ నీరు తాగరాదు' అని రాసుంది. మా అవ్వ ఆ బోరింగు కిందే బిందె పెట్టి కొడుతోంది.

"అవ్వా, తాగరాదని రాసుండారు గదా!" అన్నాను.

"తాగేదానికి కాదులే పాపా, అన్నం వండేదానికి" అంది, చెయ్యి ఆపకుండానే.

అప్పటికి నేను జర్నలిజంలో పీహెచ్‌డీలో చేరి రెండేళ్లు. టాపిక్ కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నాను. అవ్వ మాటతో టాపిక్ దొరికింది. ఆ ఒక్క మాటను ఒక పరిశోధన పత్రికలో అచ్చు వేయించుకోవడానికి మాత్రం మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్ల కథే ఇది. పరిశోధన పత్రాలు రాసే పిల్లలు మా బద్వేలులో ఇప్పుడు ఇంటికొకరున్నారు, వాళ్లకైనా పనికొస్తుందని రాస్తున్నా.

మాది బద్వేలు. మా అమ్మ పుట్టిల్లు వెలికొండలకు అవతల, కనిగిరి వైపు ఒక పల్లె. కొండకు ఇవతల కడప జిల్లా. అవతల ఒకప్పుడు నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం జిల్లాలో చేరింది. జిల్లాలు వేరైనా పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఆ వైపు పెళ్లిచూపులకు వెళ్తే మా పెద్దోళ్లు పిల్లవాడి పళ్లు చూసేవాళ్లు. గారపళ్లుంటే 'ఆ ఊరి నీళ్లు' అనేవాళ్లు, అంతే. రోగం పేరు ఎవరికీ తెలియదు. ఊరి పేరు తెలిస్తే చాలు.

పేరు పెట్టింది మాత్రం ఆ నేల మీదే. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో మూడు పేజీల వ్యాసం అచ్చు వేశారు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని దాని సారాంశం. తాగే నీటిలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకల్ని బిగించేస్తోందని మన దేశంలో మొదట నమోదైంది ఇక్కడే. పొదిలి, దర్శి, కనిగిరి పేర్లు అలా వైద్య గ్రంథాల్లోకి ఎక్కాయి. వాళ్ల కంటే ముందే, 1930ల మొదట్లో, రైతులు తమ దుక్కిటెద్దులు కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. మనుషుల సంగతి ఆ తర్వాత బయటపడింది. ఆ తర్వాత 1955లో నల్లగొండ మీద సిద్దిఖీ వ్యాసం 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అదే నల్లగొండ పిల్లల దొడ్డికాళ్ల గురించి 'లాన్సెట్'లో రాశారు. అంటే మన నీళ్ల గురించి ప్రపంచంలోని పెద్ద పెద్ద పత్రికల్లో ఎప్పుడో అచ్చయింది.

మరి ఇంతకాలం తర్వాత మా అవ్వ ఆ నీళ్లతో ఎందుకు వండుతోంది? నా ప్రశ్న అది. ఇది వైద్యుల ప్రశ్న కాదు. రోగమేంటో తెలుసు, కారణమూ తెలుసు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమన్న లెక్కా ఉంది. తెలియంది ఒక్కటే, చెప్పిన మాట చెవిదాకా వెళ్లి ఏమైందన్నది. దీన్నే హెల్త్ కమ్యూనికేషన్ అంటారు. ఆ పేరుతోనే 1989లో ఒక పత్రిక, 1996లో 'జర్నల్ ఆఫ్ హెల్త్ కమ్యూనికేషన్' అని ఇంకొకటి మొదలయ్యాయి. ఇప్పుడు ఇంకా చాలా ఉన్నాయి. నేను పంపింది ఏ పత్రికకన్నది ఇక్కడ అనవసరం.

సెలవుల్లో వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడాను. రికార్డు చేశాను. బద్వేలుకొచ్చి మిద్దె మీద గదిలో కూర్చుని ఇంగ్లిషులో రాశాను. 'గ్రామీణ మహిళల్లో అవగాహన లేమి' అని ఒక పెద్ద ముక్క పెట్టాను. రాసేటప్పుడు చాలా బాగుందనిపించింది. ఆ ముక్క సంగతి మళ్లీ వస్తుంది.

పేపరు పంపడమంటే మెయిల్‌కు ఫైలు తగిలించి కొట్టేయడం అనుకునేదాన్ని. కాదు. ముందు పత్రిక వెబ్‌సైటులో ఖాతా తెరవాలి. రచయిత పేరున్న పేజీ వేరే ఫైలు, పేరూ ఊరూ ఏమీ లేని వ్యాసం వేరే ఫైలు. ఎవరు రాశారో చూసేవాళ్లకు తెలియకూడదు, చూసేది ఎవరో మనకు తెలియకూడదు. సారాంశం, ఎడిటర్‌కు ఉత్తరం, నైతిక కమిటీ అనుమతి నంబరు, డబ్బు ఎవరిచ్చారన్న వివరం అన్నీ కావాలి. ఇంటర్వ్యూల మీద చేసిన పని అయితే 32 అంశాల పట్టిక ఒకటి నింపమంటారు. ఇంటర్వ్యూ చేసింది ఆడా మగా, వాళ్లకూ మాట్లాడినవాళ్లకూ ముందే పరిచయముందా, మాట్లాడేటప్పుడు పక్కన ఇంకెవరున్నారు... ఇలాంటివి. 'ముందే పరిచయముందా' అన్న చోట నేను ఆగిపోయాను. అక్కడున్నది మా అవ్వ, మా పెద్దమ్మ, వాళ్ల ఇరుగుపొరుగు. చివరికి ఉన్నది ఉన్నట్టే రాశాను. అబద్ధం రాయలేక కాదు, దొరికిపోతానేమోనని భయం.

తొమ్మిదో రోజు తిరిగొచ్చింది. రివ్యూకు కూడా పంపలేదు. 'ఇది ప్రజారోగ్య పత్రికకు బాగుంటుంది' అన్నారు. సరేనని ప్రజారోగ్య పత్రికకు పంపితే, 'ఇది కమ్యూనికేషన్ వాళ్లది' అన్నారు.

మా పక్కనే పోరుమామిళ్ల చెరువుంది. కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించి, రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పని చేశాయని అందులో రాయించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు కూడా చెక్కించాడు. ఏం చేశాం, ఎలా చేశాం, ఏది తప్పు అని చెప్పే పద్ధతి ఇప్పటి పరిశోధన పత్రానికేమీ తీసిపోదు. ఆ ఆరు దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం! నా పేపరుకు పట్టింది సరిగ్గా ఆ దోషమే. వైద్యం వాళ్లూ ఒప్పుకోరు, పత్రికల వాళ్లూ ఒప్పుకోరు.

అప్పుడే మెయిళ్లు మొదలయ్యాయి. 'గౌరవనీయులైన డాక్టర్ గారూ, మీ అమూల్యమైన పరిశోధన...' నేనింకా డాక్టర్ కాలేదు. అయినా చదవడానికి హాయిగానే ఉంది. మూడు రోజుల్లో అంగీకారం, వారంలో ప్రచురణ, ఇంత ఫీజు, పండగ ఆఫరు కూడా! బట్టల షాపు వాళ్లలాగ. నా గుండె కొట్టుకుంది. ఎందుకంటే అప్పటి యూజీసీ నిబంధన ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు ఒక్క పేపరైనా అచ్చయి ఉండాలి. ఫెలోషిప్ గడువు దగ్గర పడుతోంది. ఇంట్లో 'ఎప్పుడయిపోతాదమ్మా నీ చదువు' అని అడగడం మొదలైంది.

ఈ వ్యాపారం మనకు దూరంగా ఎక్కడో జరిగేది కాదు. హైదరాబాద్ కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో కేసు వేసింది. నిపుణుల సమీక్ష గురించి తప్పుదోవ పట్టించారని, ఫీజు సంగతి ముందు చెప్పలేదని, ఒప్పుకోని వాళ్ల పేర్లు సంపాదకులుగా వేసుకున్నారని ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఆ మరుసటి ఏడాది అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. మన యూజీసీ కూడా తన జాబితాలోంచి 2018 మే నెలలో ఒకేసారి 4,305 పత్రికల్ని తీసేసింది. తర్వాత 2019లో కేర్ జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసింది. పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి అన్న నిబంధన 2022 నవంబరులో పోయింది. నాకు అప్పటికే పోవాల్సిన నిద్ర పోయింది, అది వేరే సంగతి.

నాకు మెయిల్ పంపిన వాళ్లెవరో, వాళ్లది ఏ ఊరో చెప్పను. కార్డు నంబరు కొట్టేదాకా వెళ్లాననేది మాత్రం చెప్పాలి. ఓటీపీ వచ్చింది. మా తమ్ముడు పక్కనుండి "అక్కా, మూడు దినాల్లో చదివేసినారా? నువ్వు రాసిందాన్ని మేం ముగ్గురం కూర్చున్యా చదవలేకపోతిమే!" అన్నాడు. ఓటీపీ గడువు దాటిపోయింది. ఇదేదో నా నిజాయితీ అని చెప్పుకోను. వాడు ఆ పూట ఇంట్లో లేకపోతే కట్టేసేదాన్నే.

మూడో పత్రికకు పంపాను. పైసా అడగలేదు. చందాలతో నడిచే పత్రిక, రచయిత దగ్గర తీసుకోదు. వెబ్‌సైటులో 'ఎడిటర్ వద్ద ఉంది' అని కొన్నాళ్లు, 'సమీక్షలో ఉంది' అని నెలలు. పొద్దున లేచి పాల ప్యాకెట్ తెచ్చుకోవడం, ఆ పేజీ చూడటం. ఐదో నెలలో జవాబొచ్చింది. మార్పులు భారీగా చేసి మళ్లీ పంపమన్నారు. ఇద్దరు సమీక్షకులు. మొదటివారు మంచివారు, వ్యాకరణం దిద్దారు. రెండో ఆయనో ఆవిడో, వాళ్లది నాలుగు పేజీలు. ఒక్కో వాక్యం చురకలాగ ఉంది.

అందులో మూడు విషయాలు చెప్తాను.

మొదటిది: 'మీరు గృహ వినియోగ జలం అని ఇంగ్లిషులో రాశారు. ఆ స్త్రీలు వాడిన అసలు పదమేంటి?' రికార్డింగులు మళ్లీ పెట్టుకుని విన్నాను. అవ్వతో సహా అందరూ అన్న మాట 'వాడుక నీళ్లు'. మన ఇళ్లలో నీళ్లు రెండు రకాలు గదా, తాగే నీళ్లు, వాడుక నీళ్లు. అంట్లు తోమేదానికి, బట్టలకు, స్నానానికి వాడుక నీళ్లు. మరి వంటకు? ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. మా అవ్వ ఇంట్లో వంట వాడుక కిందికి వస్తుంది. బోరింగు మీద రాసింది 'తాగరాదు' అని. ఆమె తాగలేదు. తాగేదానికి ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటోంది. బోర్డు చెప్పినట్టే నూటికి నూరుపాళ్లు చేస్తోంది! అన్నంలోకి, పప్పులోకి ఇంకిన నీటితో ఫ్లోరైడ్ కూడా కడుపులోకే పోతుందని ఆ రెండు మాటల్లో ఎక్కడుంది?

రెండోది: 'కాచి తాగితే పోతుందని వారు నమ్ముతున్నట్టు రాశారు. ఆ నమ్మకం ఎక్కడిది?' ఎక్కడిదంటే మనం నేర్పిందే. కలరాకు, విరేచనాలకు నీళ్లు కాచి చల్లార్చి తాగమని ఎన్నో ఏళ్లుగా గోడల మీదా రేడియోలోనూ చెప్పాం. అది క్రిములకు సరైన మాట. ఫ్లోరైడ్ క్రిమి కాదు, కాస్తే చావదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది కూడా. ఒక రోగానికి చెప్పిన మంచి మాట ఇంకో రోగానికి అడ్డం పడింది. ఆ ఆడవాళ్లు మొదటి పాఠం బాగా నేర్చుకున్నారు, అదే వాళ్ల తప్పు.

మూడోది చదివి లాప్‌టాప్ మూసేశాను. 'వారు వంటకు ఆ నీటినే ఎంచుకోవడానికి కారణం మీరు అడగలేదు. అడగకుండానే అవగాహన లేమి అని నిర్ధారించారు.'

నిజమే. అడగలేదు. మా అవ్వను పట్టుకుని, ఆమెకు రాని భాషలో, తెలివి తక్కువదని రాశాను. మూడు రోజుల వాళ్లకు డబ్బు కట్టుంటే అది అట్లాగే అచ్చయిపోయేది.

మళ్లీ బస్సెక్కాను. ఈసారి నైతిక కమిటీ చెప్పిన సమ్మతి పత్రం తెలుగులో తీసుకుపోయాను. చదవడం రాని వాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. పెద్దమ్మ పక్కింటామె ఇంకు ప్యాడ్ చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏలు పెడితే పింఛను పోతాదేమో!" అంది. ఆమె భయం ఆమెది. ఈ ఊళ్లో వేలిముద్ర అంటే రేషనో, పింఛనో, అప్పో. పరిశోధన కోసం వేలిముద్ర ఇంతకు ముందెవరడిగారు? ఆమెను వదిలేశాను. ఆమె మాటలు నా పేపరులో లేవు. చెప్పినవాటిలో అన్నిటికంటే మంచి మాటలు ఆమెవే.

అవ్వను అడిగాను, వంటకు ఆ నీళ్లే ఎందుకని.

"వాటికి పప్పు ఎన్నలాగ ఉడుకుద్ది" అంది. "బాయి నీళ్లకు ఎంత సేపున్నా ఉడకదు. పప్పు ఉడికే నీళ్లు మంచి నీళ్లు కాకుండా ఎట్టుంటాయి?"

బద్వేలుకొచ్చి కెమిస్ట్రీ మాస్టారిని అడిగాను. ఫ్లోరైడ్ ఎక్కువుండే భూగర్భ జలాల్లో తరచూ కాల్షియం తక్కువగా ఉంటుందట. కాల్షియం ఎక్కువున్న కఠిన జలానికి పప్పు గట్టిపడుతుంది, తక్కువున్న నీటికి మెత్తగా ఉడుకుతుంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అంటే మా అవ్వ దగ్గర నీళ్లు పరీక్షించే పద్ధతి ఒకటుంది. తరాలుగా పని చేసిన పద్ధతే. ఈ ఒక్క విషానికి మాత్రం అది తలకిందులవుతుంది, చెడ్డ నీటినే మంచిదని చూపిస్తుంది. దీన్ని అవగాహన లేమి అంటే ఎట్లా?

పేపరు మొదటి నుంచి రాశాను. 'అవగాహన లేమి' ఉన్న చోటల్లా తీసేశాను. 'వాడుక నీళ్లు' అన్న మాటను తెలుగు ఉచ్చారణతోనే ఉంచి, పక్కన వివరించాను. ఈ పల్లె బయటి వాళ్లకు ఇది ఎందుకని రెండో సమీక్షకులు అడిగినదానికి బంగ్లాదేశ్ గురించి రాశాను. అక్కడ ఆర్సెనిక్ ఉన్న లక్షల కొద్దీ బోరింగులకు ఎర్ర రంగు, లేనివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ఎర్ర బోరింగు నీళ్లు తాగకూడదు, వండకూడదు, బట్టలుతుక్కోవచ్చు. రంగు ఒకటే, అందులో మాటలు మూడు. ఏ మాట ఇంట్లోకి చేరిందో రంగు చెప్పదు.

ఇంకోసారి మార్పులడిగారు, చిన్నవి. తర్వాత ఒక రాత్రి పదకొండున్నరకు అంగీకారం వచ్చింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. అందరూ ఉచితంగా చదివేలా పెట్టాలంటే వేల డాలర్లు కట్టాలన్నారు. నా ఫెలోషిప్ ఏడాదంతా కూడబెట్టినా చాలదు. మామూలుగానే అచ్చు వేయమన్నాను. ఇప్పుడది చందా కట్టినవాళ్లకే తెరుచుకుంటుంది. నేను మాట్లాడిన ఆడవాళ్లు కాదు గదా, నేను చదివిన కాలేజీ కూడా దాన్ని తెరవలేదు.

అందుకే నాలుగు పేజీలు తెలుగులో రాసుకుని ఊరికి పోయాను. రచ్చబండ దగ్గర చదివాను. పప్పు సంగతి వచ్చినప్పుడు ఆడవాళ్లు నవ్వారు. అవ్వ నవ్వలేదు. "అయితే ఇన్నేళ్లు నేనే పెట్టినానా అందరికీ" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

సర్పంచ్ పెయింటరును పిలిపించాడు. 'తాగరాదు' పక్కన 'వండరాదు' అని రాయమన్నాను. "వండరాదు అని యాడా రాయలేదు మేడం, బాగుండదు" అన్నాడు పెయింటరు. కాసేపు వాదన జరిగింది. 'వంటకు కూడా వాడరాదు' అని తేలింది. అవ్వ కింద నుంచి "కాచినా పోదు అని కూడా రాయబ్బాయ్" అంది. బోరింగు మీద చోటు చాల్లేదు. పక్కనున్న గోడకు సున్నం కొట్టి రాయడం మొదలుపెట్టాడు.

వెనకాల బిందెతో నిలబడిన ఒకామె, నా రికార్డింగుల్లో లేని మనిషి, అంతా చదివి అడిగింది. "రాస్తే రాశావులేమ్మా. వంటకు కూడా క్యాన్లు కొనాలంటే దుడ్లు ఎవరిస్తారు?"

పేపరులో 'పరిమితులు' అనే భాగంలో ఆ సంగతి ఒక వాక్యం రాశాను. ఆమెకు అది చెప్పలేదు. పెయింటరు 'వాడరాదు'లో 'రా' దగ్గరున్నాడు. ఆమె అతని నిచ్చెన పక్కగా వంగి, బోరింగు కింద బిందె పెట్టింది.